తుంటి లేని ద్వారపాలకుడు

సగం కుక్క, సగం మనిషి కావాలన్నాడు మా టీమ్ లీడరు. ఎక్కడికి సగం అని అడిగాను. అడ్డంగా కోస్తే పైన ఒకరు, కింద ఒకరు వస్తారు. నిలువుగా కోస్తే ఎడమవైపు మొరుగుతూ ఉంటుంది, కుడివైపు సర్దిచెప్పుకుంటూ ఉంటుంది. అదంతా నువ్వే చూసుకో, చూసినవాడు నమ్మితే చాలు అన్నాడాయన. నమ్మడమంటే ఏమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఆ మాట మా ఆఫీసులో రోజుకు నలభైసార్లు వినపడుతుంది.

మాది కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీ. అందులో నా ఉద్యోగం లోకంలో లేని జంతువులను గీయడం. పదకొండేళ్లుగా అదే చేస్తున్నాను. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే కంప్యూటర్ల మీద అని ఊరుకుంటాను, లేకపోతే రెక్కల పాము గురించి గంటసేపు చెప్పాల్సి వస్తుంది. ఈసారి కొత్త ఆటలో కోటకు ఒక ద్వారపాలకుడు కావాలట. వాడు రెండు కాళ్ల మీద నిలబడాలి, ఈటె పట్టుకోవాలి, మాట్లాడాలి, వాసన పట్టాలి, తోక ఆడించాలి. ఆట చివర్లో, తప్పిపోయి తిరిగొచ్చిన యువరాణిని రెండు చేతులూ చాచి దగ్గరికి తీసుకోవాలి.

కుక్క తల తెచ్చి మనిషి మెడ మీద పెడితే అయిపోయె కదా అంటారు తెలియనివాళ్లు. నేనూ మొదట అదే గీసి తీసుకెళ్లాను. ముసుగేసుకున్న బ్యాంకు దొంగలా ఉన్నాడన్నారు. పైగా ఎముకల పత్రం ఏదని అడిగారు.

ఈ ఎముకల పత్రం నా పుణ్యమే. పోయిన ఆటలో నేనొక గుర్రాన్ని గీశాను. గుర్రం వెనక కాలు మధ్యలో వెనక్కి వంగి కనిపిస్తుందే, దాన్ని అందరిలాగే నేనూ మోకాలనుకున్నాను. అది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన పొట్టకు ఆనుకుని దాక్కుని ఉంటుంది. దాన్ని నేను మరిచేపోయాను. ఆట బయటికొచ్చాక మా గుర్రం పరిగెత్తుతుంటే ఎవరో కుర్చీని ఈడ్చుకుపోతున్నట్టు ఉందని లోకమంతా నవ్వింది. ఆ రోజు నుంచి కంపెనీలో కొత్త రూలు పెట్టారు. ఏ జీవిని గీసినా దాని ఎముకల పటం కూడా గీసి, డాక్టరు చేత సంతకం పెట్టించుకురావాలి. సగం సగం జీవికైతే రెండు సంతకాలు, ఒకటి పశువుల డాక్టరుది, ఒకటి మనుషుల డాక్టరుది.

నాకు ఆ రెండు సంతకాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి. నీ అదృష్టమే అదృష్టం అన్నారు ఆఫీసులో. ఆ ఇంటి సంగతి వాళ్లకేం తెలుసు.

మా అక్క పశువుల డాక్టరు. ఇంటి కింది భాగంలో ముందుగదిలో ఆమె ఆస్పత్రి. మా బావ మనుషుల ఎముకల డాక్టరు. పై అంతస్తులో ఆయన ఆస్పత్రి. అమ్మ పోయాక నన్ను అక్కే పెంచింది. వాళ్ల పెళ్లినాటికి నాకు తొమ్మిదేళ్లు. నాకు సైకిలు నేర్పింది బావ, పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే కట్టు కట్టిందీ బావే, నిన్ను సైకిలు నేర్పమన్నదెవరని బావను చెడామడా తిట్టింది అక్క. ఇప్పుడు నేను రెండు వీధుల అవతల గది తీసుకుని ఉంటున్నానన్న మాటే గానీ, తిండీ తగువులూ అన్నీ ఆ ఇంట్లోనే. అలాంటి ఇంట్లో ఆరు నెలలుగా మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు.

కారణం దొర. దొర అంటే వాళ్ల కుక్క. పదమూడేళ్లు, గోధుమరంగు, పెద్ద శరీరం, దానికి తగ్గ బద్ధకం. ఇంట్లో వాణ్ణి ఎవరూ 'అది' అనలేదు ఎప్పుడూ. చివరి ఏడాది వాడి తుంటి కీళ్లు అరిగిపోయాయి. మనుషులకు తుంటి మార్పిడి చేసే నేను సొంత కుక్కకు చేయలేనా అన్నాడు బావ. కుక్క తుంటి వేరు, ఈ వయసులో వాడు తట్టుకోలేడు అంది అక్క. ఒక ఆదివారం బావ దూరపు ఊళ్లో జరిగే డాక్టర్ల సభకు వెళ్లాడు, వాడి కీలుకు సరిపడే చిన్న స్టీలు బంతి ఎవరి దగ్గరో ఉందని తెలిసి. సోమవారం ఆ బంతి జేబులో వేసుకుని తిరిగొచ్చేసరికి దొర లేడు. వాడు బాధపడుతున్నాడని అక్క ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చేసింది.

నన్నొక్క మాట అడగలేదు, అన్నాడు బావ. అంతే. ఆ తర్వాత ఆయన తిట్టలేదు, అరవలేదు, పై అంతస్తుకు వెళ్లి అక్కడే ఉండిపోయాడు. అక్కా సంజాయిషీ చెప్పుకునే రకం కాదు. ఇద్దరూ ఎడమొహం పెడమొహం. ఇంటి బయట ఇనుప మెట్లు వేయించుకుని బావ అటునుంచే ఎక్కి దిగడం మొదలుపెట్టాడు. ఇక లోపలి మెట్లెందుకు, గోడ కట్టించేస్తానని అక్క మేస్త్రిని మాట్లాడింది. వచ్చే సోమవారం పొద్దున మెట్ల దారి మూసేస్తారు. మెట్లున్నంతకాలం అలకే అనుకోవచ్చు. గోడ లేచాక అది రెండిళ్లు. నాకున్నది ఆ ఒక్క ఇల్లే.

పత్రం ఇవ్వాల్సిందీ ఆ సోమవారం సాయంత్రమే. బుధవారం నాడు తలుపంత కాగితం చుట్టగా చుట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె ఒక మేక గిట్ట చెక్కుతోంది. పని ఆపకుండానే బొమ్మ వంక చూసి, వీడు రోజంతా ఆకాశంలోకే చూస్తాడా అని అడిగింది. ఎందుకలా అన్నావన్నాను. మనిషి పుర్రెకు వెన్నెముక అడుగునుంచి అతుక్కుంటుంది, కుక్క పుర్రెకు వెనకనుంచి. కుక్క తలను అలాగే తెచ్చి నిలబడ్డ మెడ మీద పెడితే ముక్కు నింగికి తిరిగిపోతుంది. మీ కోటకు శత్రువులు పైనుంచి రాలతారా అంది. ఎర్ర పెన్సిల్ తీసుకుని మెడను ముందుకు వంచింది, మడమను పైకి లేపి వాణ్ణి వేళ్ల మీద నిలబెట్టింది, వెడల్పాటి ఛాతీని రెండు వైపులా నొక్కి పడవ అడుగులా చేసింది, భుజాల వెనకుండే రెక్క ఎముకలను వీపు మీదనుంచి పక్కలకు దించింది. మేక ఆ కాసేపూ బుద్ధిగా నిలబడింది.

ఆ కాగితం తీసుకుని లోపలి మెట్ల మీదుగా బావ దగ్గరికి ఎక్కాను. చూడగానే ఎర్ర గీతలు ఎవరివో ఆయనకు తెలిసిపోయింది. తెలియనట్టు ముఖం పెట్టి, రెక్క ఎముకలు పక్కకు జరిపిన మహానుభావులెవరు మరదలా అన్నాడు. నీలం పెన్సిల్ తీశాడు. చేతులు రెండు పక్కలకూ చాచాలంటే మెడ కింద అడ్డంగా కాలర్ ఎముక ఉండాలి, అది లేకపోతే చేతులు ముందుకూ వెనక్కూ తప్ప పక్కలకు పోవు, యువరాణిని దగ్గరికి తీసుకోవడం మాట మరిచిపో అన్నాడు. ఆ ఎముక కుక్కకు ఉండదు. ఆ సంగతి కింది డాక్టరుగారికి తెలుసో లేదో కనుక్కో అన్నాడు.

కింది డాక్టరుగారు ఒంటికాలి మీద లేచింది. కాలర్ ఎముక లేకుండానే కుక్క ప్రేమ చూపిస్తుందని పై డాక్టరుగారికి చెప్పు అంది. అక్కడినుంచి నాలుగు రోజులు నా తలప్రాణం తోకకొచ్చింది. ఆరు నెలలుగా ఒక్క మాట లేని ఇంట్లో ఒక్కసారిగా రాయబారాల మీద రాయబారాలు, మోసేదాన్ని నేను. కుక్కకు పక్కటెముకలు పదమూడు జతలు, మనిషికి పన్నెండు. అక్క పదమూడో జత గీసేది, బావ చెరిపేసేవాడు, అక్క మరింత ముదురుగా గీసేది. చివరికి కాగితం చిరిగేలా ఉందని నేనే ఎడమవైపు పదమూడు, కుడివైపు పన్నెండు ఉంచాను. మా లీడరు పక్కటెముకలు లెక్కపెట్టే మనిషి కాదు. మెడలో పూసలు మాత్రం కుక్కకూ ఏడే, మనిషికీ ఏడే. ఆ బొమ్మ మొత్తంలో ఎర్ర గీతా నీలం గీతా తగలకుండా బతికిపోయింది ఆ మెడ ఒక్కటే.

శుక్రవారానికి వ్యవహారం ఇంకో మలుపు తిరిగింది. బావ ఆ ద్వారపాలకుడికి కేసు షీటు తెరిచాడు. రోజంతా నిలబడే ఉద్యోగం, ఒంటి మీద పద్దెనిమిది కిలోల కవచం, నడుం నొప్పి ఖాయం అని రాసి, రెండు గంటలకోసారి పది నిమిషాలు కూర్చోవాలని సలహా ఇచ్చాడు. కోటకు దండెత్తి వచ్చినవాళ్లు ఆ పది నిమిషాలూ ఆగుతారా అని అడిగితే, ఆరోగ్యం ముందు అన్నాడు. అక్క అది చదివి, నడుం సంగతి తర్వాత, ఆ కవచంలో వీడు ఉడికిపోతాడు, కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్లకే పడుతుంది అంది. కవచానికి చిల్లులు పెట్టించి, కోట గుమ్మం దగ్గర నీళ్ల తొట్టె పెట్టించింది. పిచ్చికుక్క వ్యాధికి టీకా తేదీ కూడా వేసింది. ఆ టీకా చేతికి వేస్తారా మెడ వెనక వేస్తారా అని పైనుంచి ప్రశ్న వచ్చింది. పేషెంటును బట్టి అని కిందినుంచి జవాబు వెళ్లింది. నేను గీసిన ముఖంలో కళ ఉందా లేదా అని ఒక్కరైనా ఒక్క ముక్క అనలేదు.

నాకు లోపల ఆశ పుట్టిందన్నది నిజం. ఇంతగా కొట్లాడుకుంటున్నారంటే రేపో మాపో నేరుగా కొట్లాడుకోరా అనుకున్నాను. అలా అనుకునే పిచ్చిదాన్ని కాబట్టే ఆదివారం దాకా బొమ్మలో ఏం లేదో చూసుకోలేదు.

ఆదివారం మధ్యాహ్నం సంతకం కోసం కాగితం అక్క ముందు పరిచాను. సంతకం పెట్టబోయి ఆగింది. తుంటి లేదు కదా అంది. చూస్తే నిజంగానే లేదు. పైన వెన్నెముక చక్కగా దిగివచ్చి నడుం దగ్గర ఆగిపోయింది. కింద తొడ ఎముకలు రెండూ పైకి లేచి అక్కడే ఆగిపోయాయి. మధ్యలో జానెడు తెల్ల కాగితం. అటు ఎర్ర పెన్సిల్ పోలేదు, ఇటు నీలం పెన్సిల్ పోలేదు. నాలుగు రోజులు ఇద్దరూ దాని చుట్టూ తిరిగారు. నువ్వే గీసెయ్ అక్కా అన్నాను. ఆమె నా వంక చూడకుండా, రెండు కాళ్ల మీద నిలబడేది మనిషి, నిలబడే తుంటి మనిషిది, పైన అడుగు అంది. పైకి వెళ్లాను. బావ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, తోక మొదలయ్యేది అక్కడే, తోక ఉన్న తుంటి కుక్కది, కింద అడుగు అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు, బల్బు వెలిగినట్టు కాదు, పళ్లు జివ్వుమన్నట్టు. ఆ ఇంట్లో తుంటి అన్న మాట ఎత్తగలిగేవాళ్లు లేరు. వాళ్లిద్దరి మీదా ఎంత కోపమొచ్చిందంటే, ఆ రాత్రి గదికి వచ్చి అన్నం కూడా తినకుండా పడుకున్నాను.

సోమవారం పొద్దున ఎనిమిదింటికల్లా తాపీమేస్త్రి వచ్చేశాడు. నెరిసిన మీసాలు, నింపాది మనిషి. వస్తూనే సిమెంటూ ఇసకా కలిపి, గమేళాలో ఎత్తి మెట్ల ముందు పెట్టుకున్నాడు. ఇటుకలు గోడ పక్కన పేర్చి ఉన్నాయి. నేను ఆ ఇటుకలు దాటి వెళ్లి, లోపలి మెట్ల మీద కాగితం పైనుంచి కిందికి పరిచేసి, దాని పక్కన నాలుగో మెట్టు మీద కూర్చున్నాను. పని మొదలుపెట్టాలమ్మా అన్నాడు మేస్త్రి. ఈ బొమ్మకు తుంటి వచ్చేదాకా ఇక్కడ గోడ లేవదని చెప్పాను. ఆయనకు నామీద కోపం రాలేదు. గోడ కట్టే చోట రకరకాల మనుషులు అడ్డం కూర్చోవడం చూసి ఉంటాడు. తాపీ పక్కన పెట్టి, బొమ్మ వంక ఎగాదిగా చూశాడు.

గొంతులు విని అక్క ఆస్పత్రి గదిలోంచి వచ్చి కింది మెట్టు దగ్గర నిలబడింది. పైన తలుపు తెరుచుకుని బావ రెండు మెట్లు దిగి ఆగాడు. ఆరు నెలల తర్వాత ఇద్దరూ ఒకే మెట్ల మీద ఉన్నారు, మధ్యలో నేనూ నా ద్వారపాలకుడూ. ముందు నోరు తెరిచింది మేస్త్రి.

"పై అంతస్తు బాగానే ఉంది. కింది అంతస్తూ బాగానే ఉంది," అన్నాడు, వేలితో కాగితం మీది తెల్లటి చోటు చూపిస్తూ. "మరి మధ్యలో ఏదీ? బరువు ఎక్కడికి దిగుతుంది?"

డాక్టర్లిద్దరూ ఆయన వంకే చూశారు. ఇదే అదనని నేనందుకున్నాను. అదే అడుగుతున్నాను నిన్నటినుంచి, చెప్పేవాళ్లు లేరు, ఇద్దరికిద్దరూ పెద్ద డాక్టర్లు, ఒక బొమ్మను నిలబెట్టడం చేతకాలేదు అని నోటికొచ్చినట్టు అన్నాను. కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి, కోపంతోనే. అక్క నన్ను ఓదారుస్తుందనుకున్నాను.

"అక్కడ్నించి లే," అంది అక్క.

లేవనన్నాను. గోడ కట్టించుకోవడానికి ఇంత ఆత్రమా అన్నాను.

"గోడ కాదే. ఆ మెట్టు మీద కూర్చోకు. ముందు లే."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. లేచి పక్కకు జరిగాను. పైనుంచి బావ, ఎవరినీ ఉద్దేశించనట్టు, ఆ మెట్టుకేమైంది అన్నాడు. మేస్త్రి గమేళాలో సిమెంటును ఒకసారి కలిపాడు, బిగుసుకోకుండా.

"దొర అక్కడే పడిపోయాడు," అంది అక్క. "ఆ రోజు నువ్వు పైన ఉన్నావనుకున్నాడు. నేను లోపలినుంచి వచ్చేసరికి ఎక్కేస్తున్నాడు. మూడు మెట్లు ఎక్కాడు. నాలుగో మెట్టు మీద వెనక కాళ్లు రెండూ జారిపోయాయి. పైకీ రాలేడు, కిందికీ రాలేడు. ఎత్తబోతే అరుస్తున్నాడు. వాడు అలా అరవడం నేనెప్పుడూ వినలేదు."

బావ రెయిలింగు పట్టుకున్నాడు. ఆస్పత్రి బల్ల మీద జరిగిందనుకున్నాం మేమంతా. బల్ల మీదే అని నేను నలుగురికి చెప్పాను కూడా.

"పక్కన ఎవరున్నారు?" అన్నాడు.

"ఆదివారం. ఎవరుంటారు?"

"మరి తల ఎవరు పట్టుకున్నారు?"

"నేనే. ఒళ్లో పెట్టుకున్నాను. ఒక చెయ్యి తల మీద, ఒక చేత్తో సూది." ఆమె తన చేతుల వంక చూసుకుంది. "నీకు ఫోన్ చేయాలనే తీశాను. చేస్తే ఆగమంటావు. నువ్వు ఆగమంటే నేను ఆగిపోతాను. రేపటిదాకా వాడు ఈ మెట్టు మీదే అరుస్తూ ఉండాలి. అందుకే చేయలేదు."

తనను అడగలేదని ఆరు నెలలు బెట్టు చేసిన మనిషి, ఎలా జరిగిందని ఒక్కసారి కూడా అడగలేదని నాకప్పుడే తట్టింది. నేనూ అడగలేదు. కుక్కలకు రోజూ చేసే పనే కదా అనుకున్నాను. సొంత అక్క గురించి అలా అనుకున్నందుకు ఇవాళ్టికీ సిగ్గుగానే ఉంది.

అక్క చెప్పడం ఆపలేదు. రోజుకు ఇరవైసార్లు ఈ మెట్ల ముందునుంచి తిరగాలి, ప్రతిసారీ వాడు కనిపిస్తాడు, అందుకే మూయించేద్దామనుకున్నాను అంది.

"నన్ను చూడలేక కట్టిస్తున్నావనుకున్నాను," అన్నాడు బావ.

"నిన్ను చూడక ఆరు నెలలైంది. నిన్నెక్కడ చూశాను, చూడలేకపోవడానికి?"

బావ కిందికి దిగి వచ్చి ఐదో మెట్టు మీద కూలబడ్డాడు. కళ్లజోడు తీసేసి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. పెద్దగా ఏమీ కాదు, ముక్కు చీదుకుంటూ, జలుబు చేసినవాడిలా. మేస్త్రి అటు తిరిగి ఇటుకలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఆపేవాణ్ణి," అన్నాడు బావ చివరికి. "నిజమే. ముందు ఆపేవాణ్ణే. నాలుగు గంటల్లో వచ్చి వాణ్ణి చూసేవాణ్ణి. చూశాక వాడి తల పట్టుకునేవాణ్ణి. నువ్వు ఒక్కదానివే ఎందుకు చేశావు?"

అక్క మూడో మెట్టు దాకా ఎక్కి వచ్చి అక్కడ కూర్చుంది. నాలుగో మెట్టు మీద కాగితం మిగిలింది, సరిగ్గా తెల్లటి చోటు. కాసేపటికి బావ, కీలు ఎంత అరిగింది అని అడిగాడు. ఆ గొంతు మొగుడిది కాదు, డాక్టరుది. అక్క జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి నా ద్వారపాలకుడి నడుం కింద గీయడం మొదలుపెట్టింది. గిన్నెలా ఉండాల్సిన చోట పళ్లెంలా గీసింది. దాని అంచున కొరికినట్టు గుంటలు పెట్టింది. తొడ ఎముక తల నున్నగా ఉండాల్సింది, దాన్ని చితికిన పండులా గీసింది. బావ కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. నా స్టీలు బంతి ఇందులో నిలిచేదా అన్నాడు. నిలిచేది కాదు అంది. ఇంకొంచెం వంగి చూసి, అవును, నిలిచేది కాదు అన్నాడు. అలా నా ద్వారపాలకుడు ఈటె పట్టుకుని, పద్దెనిమిది కిలోల కవచం వేసుకుని, దొర తుంటితో పావుగంట నిలబడ్డాడు.

తర్వాత బావ రబ్బరు అడిగాడు. వీడికి ఈ నొప్పి ఎందుకు అన్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని తుడిచేసి, కొత్తది మొదలుపెట్టారు. మనిషి తుంటిలా పేగులను మోసే వెడల్పాటి గిన్నె ఉండాలని ఆయనా, కుక్క తుంటిలా వెనక్కి వాలకపోతే తోక మీద కూర్చోవాల్సి వస్తుందని ఈమే పట్టుబట్టారు. గొంతులు లేచాయి. నేరుగా, నా అవసరం లేకుండా, నీకేం తెలుసంటే నీకేం తెలుసని అనుకున్నారు. ఆయన పిర్రలు పెద్దవిగా గీస్తే ఆమె సగం కోసేసింది. గుమ్మంలో ఒక పిల్లిని ఎత్తుకుని ఒకావిడా, చెయ్యి కట్టుతో ఒకాయనా వచ్చి నిలబడి, డాక్టరు ఉన్నారా అని అడిగి, బొమ్మను చూసి, ఏ డాక్టరో చెప్పకుండా బెంచీ మీద కూర్చున్నారు. ఆ సాయంత్రం మా లీడరు ఆ తుంటి చూసి ఇప్పుడు నమ్ముతున్నాను అన్నాడు, ఏం నమ్మాడో నేనడగలేదు.

వాళ్లింకా గీస్తుండగానే మేస్త్రి దగ్గాడు. గమేళాలో తాపీ గుచ్చి చూపించాడు.

"బిగుసుకుపోతోందమ్మా. గోడ కట్టమంటారా, వద్దా? ఏదో ఒకటి చెప్పండి."

మా అక్క సంగతి నాకు తెలుసు. ఆ ఇంట్లో మేస్త్రికైనా, పాలవాడికైనా, నాకైనా జవాబు చెప్పేది ఆమే. అడిగినవాడి మాట పూర్తికాకముందే చెప్పేస్తుంది. ఇప్పుడూ చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచి, ఆగి, బావ వైపు తిరిగింది.

"ఏం చేద్దాం?" అంది.

అడగలేదని ఆరు నెలలు పైన ఒంటరిగా కూర్చున్న మనిషికి, తీరా అడిగేసరికి ఏం చెప్పాలో తోచలేదు. మేస్త్రి వంక చూశాడు, నా వంక చూశాడు, చేతిలోని పెన్సిల్ వంక చూసుకున్నాడు. తర్వాత అక్క వంక చూసి, గోడ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.